హోల్డర్‌బీలో ఎవరూ పాడడం లేదు

ఆగస్టు 4, ఆదివారం

ఈ డైరీని నిన్న చర్చి పాతసామాన్ల అమ్మకంలో కొన్నాను. జనవరి నుంచి జులై దాకా పేజీలు ఎవరో చింపుకుపోయారు. ఫర్వాలేదు, నా జనవరి నుంచి జులై కూడా అలా చింపి పారేయదగ్గవే.

ఈ రోజు మళ్ళీ అదే తంతు. నేను మొదటి కీర్తన ఎత్తుకున్నాను, హోల్డర్‌బీ మొత్తం నోటికి తాళం వేసుకుని నిలబడింది. ఒక చరణం అంతా ఒక్కదాన్నే వాయించుకుని, సిగ్గు విడిచి మళ్ళీ మొదటికి వచ్చాను. అప్పుడు కాస్త కదిలారు. కదిలారంటే, పక్క పొలంలో ఎవరో ఆవును పిలుస్తున్నంత చప్పుడు వచ్చింది. నలభై ఏళ్ళ కిందట నేను ఈ ఆర్గాన్ బల్ల మీద మొదటిసారి కూర్చున్నప్పుడు చర్చి కప్పు లేచిపోయేలా పాడేవాళ్ళు. ఇప్పుడున్న వాళ్ళలో సగం మందికి ఊరి బడిలో పాట నేర్పింది నేనే. అంటే ఈ అవమానంలో నా చెయ్యి కూడా ఉంది.

ఆర్గాన్ పెద్ద స్తంభం వెనక ఉంటుంది. ఎవరు పాడుతున్నారో, ఎవరు ఆవలిస్తున్నారో నాకు కనపడదు. నా తల పైన బిగించిన చిన్న అద్దంలో మా పాస్టరు మోట్రమ్ అయ్యగారి భుజం, ముందు బెంచీలో చర్చి పెద్ద డెస్మండ్ గార్త్ నడినెత్తి, అంతే. ఆ నెత్తి మీద జుట్టు ఒక్కో ఆదివారం ఎలా రాలిపోయిందో అతని భార్య కంటే నాకే బాగా తెలుసు.

నీళ్ళు మరిగితే మోగే కెటిల్ ఈల పాడైంది. నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు మాడిన వాసన వచ్చాక గాని నాకు తెలియలేదు.

ఆగస్టు 7, బుధవారం

డెస్మండ్ ఒక బుట్టెడు ప్లమ్ పళ్ళు పట్టుకుని వచ్చాడు. అరవై ఏళ్ళ రైతు, ఊళ్ళో సగం భూమి అతనిదే. నా ముందు మాత్రం ఇప్పటికీ టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడతాడు.

"ఏం డెస్మండ్, ఇలా వచ్చావు?"

"ఏం లేదు టీచర్‌గారూ. చెట్టు విరగకాసింది. తెచ్చాను."

"ఇంకేమన్నా ఉందా?"

"ఆర్గాన్ సంగతండి. అది కొంచెం..." టోపీని గుండ్రంగా తిప్పాడు. "కొంచెం గట్టిగా ఉందేమోనని..."

"గట్టిగానా! గొంతు పూర్తిగా పోతేనూ! ఎక్కడో గాలి కారుతోంది. అందుకే జనానికి పాడే హుషారు రావడం లేదు. శబ్దం పెంచే పిడులన్నీ లాగి వాయించినా నాకే సరిగ్గా వినపడదు, వెనక బెంచీ వాళ్ళకేం వినపడుతుంది?"

డెస్మండ్ ప్లమ్ పళ్ళ వైపు చూశాడు. పళ్ళేమైనా సలహా ఇస్తాయేమోనని కాబోలు.

"కారుతూ ఉండొచ్చండి," అన్నాడు.

"బాగుచేయించాలి."

"చేయించాలండి," అని వెళ్ళిపోయాడు. మంచివాడు. కాని చిన్నప్పటి నుంచీ అంతే, మనసులో మాట బయటికి రావాలంటే నీళ్ళు నములుతాడు.

ఆగస్టు 18, ఆదివారం

ఆరాధన తర్వాత సంఘం కమిటీ కూర్చుంది. ఆర్గాన్ మరమ్మతు గురించి నేనే లేచి మాట్లాడాను. చాలా బాగా మాట్లాడానని నా అభిప్రాయం. ఇంకెవరి అభిప్రాయమూ బయటికి రాలేదు. అందరూ కప్పు కేసి చూస్తూ కూర్చున్నారు. మోట్రమ్ అయ్యగారికి ఆరు ఊళ్ళ చర్చిలు, ఆయన ఎప్పుడూ మనసులో తర్వాతి ఊరికి బయల్దేరిపోయి ఉంటారు. ఈసారి మాత్రం కప్పు కేసి చూస్తూ అలాగే ఉండిపోయారు.

చివరికి డెస్మండ్, "నిధి మొదలుపెడదామండి" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకుని చేతులెత్తారు. ఇంత ఏకాభిప్రాయం ఈ కమిటీలో కుర్చీల రంగు గురించి కూడా రాలేదు.

మోరీన్ కట్‌బుష్ మా ఊరి కరపత్రం 'హోల్డర్‌బీ కబుర్లు'లో వేస్తానంది. మోరీన్ నా స్నేహితురాలు, చర్చి పూల సంగతులూ ఆవిడే చూస్తుంది. ఈ మధ్య పక్కన కూర్చుని కూడా అరిచినట్టు మాట్లాడుతోంది. వయసు మీద పడితే చెవులు మందగిస్తాయి కదా, పాపం. నేనేమీ అనలేదు. ఇలాంటివి మొహం మీద చెప్పడం మర్యాద కాదు.

సెప్టెంబర్ 3, మంగళవారం

ఈ ఏడాది పిట్టలు కూడా కూయడం లేదు. పొలాల్లో కొట్టే ఆ మందుల వల్లే. డెస్మండ్‌ని అడగాలి.

సెప్టెంబర్ 11, బుధవారం

ఆర్గాన్లు సరిచేసే పాస్క్ పట్నం నుంచి వచ్చాడు. మొదటి పని, చెవుల్లో దూది పెట్టుకున్నాడు. నేను అన్ని పిడులూ లాగి వాయించి చూపించాను, ఎంత నీరసంగా ఉందో వినమని. ఆ మనిషి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత గంటసేపు గొట్టాల మధ్య దూరి బయటికి వచ్చి, "ఈ ఆర్గాన్ మనందరి కంటే ఎక్కువకాలం బతుకుతుందండి" అన్నాడు.

"అది నాకు జవాబు కాదు," అన్నాను.

పాస్క్ డెస్మండ్ వైపు చూశాడు. డెస్మండ్ గడప వైపు చూశాడు. ఇద్దరూ బయటికి వెళ్ళి చర్చి పక్క సమాధుల మధ్య చాలాసేపు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. లోపలికి వచ్చాక పాస్క్ గొంతు సవరించుకుని, "తేమండి. తేమ కొంచెం ఉంది. చూద్దాం," అన్నాడు.

నేను చెప్పలేదూ! అయినా అంత చిన్న జబ్బు కనిపెట్టడానికి గంట పట్టింది అతనికి. పనివాడే, కాని వినికిడి సరిగ్గా లేనట్టుంది.

సెప్టెంబర్ 21, శనివారం

ఆర్గాన్ నిధి కోసం బడి హాల్లో కేకుల అమ్మకం. నా కేకు మధ్యలో కుంగింది, ఆ గుంటని జామ్‌తో పూడ్చి దానికో ఫ్రెంచి పేరు పెట్టాను. ఎవరూ కొనకపోతే నేనే మారువేషంలో కొనుక్కోవాలనుకున్నాను. కాని అదే ముందు అమ్ముడైపోయింది. డెస్మండ్ కొన్నాడు. అతనికి జామ్ పడదు.

ఊరు ఊరంతా వచ్చింది. చర్చి ముఖం చూడని వాళ్ళు కూడా వచ్చి డబ్బాలో నాణేలు వేసి, నా చెయ్యి నొక్కి, కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయారు. పాలు పోసే అతను, "మీ కోసం ఏమైనా చేస్తాం టీచర్‌గారూ" అన్నాడు. నా కోసమెందుకూ, ఆర్గాన్ కోసం కదా! అయినా కళ్ళు చెమర్చాయి. ఇంటికి వచ్చి, ఇంత ప్రేమకి నేను తగనని రాద్దామనుకున్నాను. కాని బాగా ఆలోచిస్తే తగుతాననిపించింది.

మా పిల్లి బిషప్ మాత్రం నా మీద అలిగాడు. ఎదురు కుర్చీలో కూర్చుని చూస్తుంటాడే గాని, గురగురలాడడం మానేశాడు.

అక్టోబర్ 6, ఆదివారం

కోత పండుగ. చర్చి నిండా యాపిల్ పళ్ళు, గుమ్మడికాయలు, గోధుమ కట్టలా చేసిన పెద్ద రొట్టె. నేను పండుగకి తగ్గట్టు వాయించాను. మోరీన్ వేదిక చుట్టూ కట్టిన డేలియా పూల రేకులు ఆ ధాటికి రాలిపోయాయట, తర్వాత చెప్పింది. అద్దంలో డెస్మండ్ రెండు చేతులూ తలకి రెండు పక్కలా పెట్టుకుని వంగిపోవడం చూశాను. అతనిలో ఇంత భక్తి ఉందని నాకు తెలియదు.

నా కొత్త పద్ధతి పని చేస్తోంది. మొదటి చరణం ఒకసారి వాళ్ళని నిద్ర లేపడానికి వాయిస్తాను. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాను. రెండోసారి పాడతారు. తక్కువే, కాని పాడతారు. ఈ పద్ధతి గురించి 'హోల్డర్‌బీ కబుర్లు'లో రెండు ముక్కలు రాద్దామా అంటే మోరీన్, "ఈ నెల చోటు లేదు బెరిల్" అంది. ఈ నెల సంచికలో సగం పేజీ ఎవరిదో తప్పిపోయిన తాబేలు గురించి ఉంది.

అక్టోబర్ 20, ఆదివారం

బుధవారం డెస్మండ్ ఉల్లికాడల్లాంటి పెద్ద లీకులు కట్ట కట్టి తెచ్చాడు. ఈసారి కూర్చున్నాడు కూడా.

"టీచర్‌గారూ, మా అమ్మ చివరి రోజుల్లో..."

"ఏమైంది మీ అమ్మకి?"

"మా అమ్మకి చివరి రోజుల్లో..." అతని మెడ మీద ఎరుపు పాకుతూ చెవుల దాకా వచ్చింది. "లీకులంటే చాలా ఇష్టమండి ఆవిడకి."

లీకుల సూప్ చేసుకున్నాను. బాగుంది. మూడు రోజుల పాటు బాగుంది. నాలుగో రోజు బిషప్ కూడా వద్దన్నాడు.

అక్టోబర్ 29, మంగళవారం

మోట్రమ్ అయ్యగారు టీకి వచ్చారు. బిస్కెట్టు నానిపోయి కప్పులో పడేదాకా వాతావరణం గురించే మాట్లాడారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో అసలు సంగతి బయటపెట్టారు. పక్క ఊరు స్కాథోర్ప్ నుంచి మిసెస్ హెబ్డెన్ అప్పుడప్పుడు వచ్చి వాయిస్తానందట.

"మీకు కొంచెం విశ్రాంతిగా ఉంటుందని, మిస్ ఆస్పిన్."

"నేనేమన్నా అలిసిపోయానని చెప్పానా?"

"అబ్బే, లేదు లేదు," అని కారెక్కారు.

మిసెస్ హెబ్డెన్ పళ్ళ డాక్టరు భార్య. బస్సు తప్పిపోతుందేమోనన్న భయంతో వాయిస్తుంది. ఆ బల్ల మీద ఆవిడ కూర్చుంటే నేనెక్కడ కూర్చోవాలి? డెబ్బై రెండేళ్ళ మనిషిని, పెళ్ళి లేదు, పిల్లలు లేరు, బడి ఎప్పుడో మూతపడింది. ఆ బల్ల దిగితే నేను బిషప్‌కి అన్నం పెట్టే ఆవిడని మాత్రమే. దిగను. పాడవలసింది వాళ్ళు, పాడనిది వాళ్ళు, దిగవలసింది నేనా?

నవంబర్ 10, ఆదివారం

చలి. ఈ రోజు గురించి రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 12, మంగళవారం

సరే, రాస్తాను. ఈ డైరీకి నేను తప్ప దిక్కెవరు?

మొన్న యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే ఆదివారం. బాకా ఊదుతారు, అందరూ లేచి మౌనంగా నిలబడతారు, మళ్ళీ బాకా ఊదుతారు, అప్పుడు నేను కీర్తన మొదలుపెట్టాలి. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని. రెండో బాకా కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎంతకీ వినపడదు. అద్దంలో డెస్మండ్ చెయ్యి లేచింది. బాకా అయిపోయింది, మొదలుపెట్టమని సైగ చేస్తున్నాడనుకుని అన్ని పిడులూ లాగి మొదలుపెట్టాను.

డెస్మండ్ కన్ను తుడుచుకుంటున్నాడట. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన గోడ మీద అతని తండ్రి పేరు ఉంది.

మౌనం సగంలో ఉండగా నేను వాళ్ళ నెత్తిన పిడుగులా పడ్డాను. పాత సైనికుడు ఆల్ఫీ క్రాష్ చేతిలోంచి జెండా కర్ర జారిపోయింది. అయినా ఎవరూ ఒక్క మాట అనలేదు. నిలబడి పాడారు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర డెస్మండ్ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, "గాలి బాగా చల్లగా ఉంది కదా టీచర్‌గారూ" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బాకా ఊదిన కుర్రాడు చేతకానివాడు. ఊపిరే లేదు అతనికి.

కుర్రాడిది తప్పని రాశాను గాని, రాసేటప్పుడు చెయ్యి ఆగింది.

నవంబర్ 14, గురువారం

కుడి మణికట్టు నొప్పి. కట్టు కట్టుకున్నాను. ఈ ఆదివారం వాయించలేనని అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన ఏమన్నారో సరిగ్గా అర్థం కాలేదు, సంతోషంగా మాత్రం ఉన్నట్టుంది.

కట్టు ఎడమ చేతికి కట్టుకున్నానని ఇప్పుడే చూశాను.

నవంబర్ 17, ఆదివారం

నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి జనం మధ్యన, బెంచీలో కూర్చున్నాను. వెనక వరసలో చివర, టోపీ కిందకి లాక్కుని. మిసెస్ హెబ్డెన్ నా బల్ల మీద కూర్చుని, నా అద్దాన్ని తన ఎత్తుకి సరిచేసుకుంది. అక్కడే నా ప్రాణం సగం పోయింది.

మొదటి కీర్తన. ఆవిడ గడియారం కొట్టినట్టు మొదటి చరణం ఎత్తుకుంది. హోల్డర్‌బీ అంతా పుస్తకాలు తెరుచుకుని, నోళ్ళు మూసుకుని, ఎదురుగా చూస్తూ, బస్సు కోసం నిలబడ్డంత ప్రశాంతంగా నిలబడింది. ఒక్క గొంతు లేవలేదు. నాకు లోపల ఎంత సంబరమైందో దేవుడికే తెలుసు. ఆయన ఇల్లే కనక తెలిసే ఉంటుంది. చూశావా తల్లీ, నీకూ పాడరు అనుకున్నాను.

ఆవిడ రెండో చరణంలోకి వెళ్ళింది. అప్పుడు అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని మొదటి చరణం అందుకున్నారు.

నేను వాళ్ళని చూశాను. డెస్మండ్ మెడ నరాలు ఉబ్బిపోయాయి. మోరీన్ టోపీ మీది ఈక ఊగిపోతోంది. నా పక్కనే పాలబ్బాయి నోరు తలుపులా తెరుచుకుంది. ఆల్ఫీ క్రాష్ మునివేళ్ళ మీద లేచి మరీ పాడుతున్నాడు. అంతమంది ప్రాణం పెట్టి అరుస్తుంటే, నాకు మాత్రం పక్క పొలంలో ఎవరో ఆవును పిలుస్తున్నట్టు వినిపించింది.

మిసెస్ హెబ్డెన్ తన లెక్క ప్రకారం ముగించి చేతులు తీసేసింది. వీళ్ళకి ఇంకా ఒక చరణం మిగిలింది. మధ్యలో ఆపేస్తే ఎవరికో అమర్యాద అవుతుందన్నట్టు, ఆర్గాన్ లేకుండానే, పుస్తకంలో తలలు పెట్టి, ఆ చరణం చివరి దాకా పాడి కూర్చున్నారు. స్తంభం పక్కనుంచి మిసెస్ హెబ్డెన్ మొహం బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరికి అమర్యాద? నాకు. నేను ప్రతి ఆదివారం ఒక చరణం ఉత్తినే వాయిస్తానని వాళ్ళకి తెలుసు. ఆగి, రెండోసారికి అందుకోవడం నేర్చుకున్నారు. నేను వాళ్ళని నిద్ర లేపుతున్నాననుకున్నాను. వాళ్ళు నా కోసం నోరు మూసుకుని నిలబడ్డారు.

చర్చి మొత్తంలో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో వెనక నుంచి వాళ్ళ మెడలు చూస్తేనే తెలిసిపోయింది.

నవంబర్ 18, సోమవారం

మోరీన్ ఇంటికి వెళ్ళాను.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఏది?"

"మోరీన్, నేను చెవిటిదాన్నే గాని గుడ్డిదాన్ని కాదు."

ఆవిడ చేతిలో పూల కత్తెర కింద పెట్టింది. "రెండేళ్ళు అవుతోంది బెరిల్."

"నీకు నోరు లేదా? మనిద్దరం కలిసి బడికి వెళ్ళినవాళ్ళం కదే!"

"నువ్వు చెప్పనిస్తే గదా! నా చెవులు మందగించాయని ఊరంతా చెప్పుకు తిరిగావు. పోయిన క్రిస్మస్‌కి చెబుదామని వచ్చాను. చెప్పేలోపే నా చేతిలో చెవి చుక్కల మందు పెట్టావు, వాడమని."

అవును, పెట్టాను. మంచి కంపెనీది అని కూడా చెప్పాను.

"మరి ఆర్గాన్ నిధి?"

మోరీన్ కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "డెస్మండ్ నీకు చెప్పడానికని మూడుసార్లు వచ్చాడు. ప్రతిసారీ పళ్ళో కూరగాయలో ఇచ్చేసి వచ్చి మా వంటింట్లో తల పట్టుకుని కూర్చునేవాడు. నీకు చెప్పడం కంటే ఆర్గాన్ బాగుచేయించడమే తేలికనిపించింది మాకు."

"బాగానే ఉన్న ఆర్గాన్‌ని?"

"బాగానే ఉన్న ఆర్గాన్‌ని."

ముందు నేను నవ్వాను. తర్వాత ఏడ్చాను. మోరీన్ టీ పెట్టింది. ఆవిడ కెటిల్ కూడా ఈల వేయలేదు. అంటే ఈల వేసిందన్నమాట.

నవంబర్ 19, మంగళవారం

బల్ల దిగిపోతున్నానని అయ్యగారికి చెప్పాను. వద్దని బతిమాలతారేమోనని ఫోన్ పట్టుకుని కాసేపు ఆగాను. బతిమాలి ఉండొచ్చు కూడా. వినపడితే గదా.

నవంబర్ 23, శనివారం

అంతా చూసుకున్నాను, పాత పేజీలు. ఎంత తెలివిగా రాసుకున్నాను! పాస్క్‌కి వినికిడి సరిగ్గా లేదట. డెస్మండ్‌కి భక్తి ఎక్కువైందట. ఊళ్ళో పిట్టలన్నీ చచ్చిపోయాయట. చెవులు తప్ప నాలో అన్నీ బ్రహ్మాండంగా పని చేశాయి.

డిసెంబర్ 2, సోమవారం

నిన్న క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం. నేను వెళ్ళలేదు. జలుబని చెప్పాను. ఈసారి కట్టు అవసరం లేకపోయింది.

ఈ రోజు సాయంత్రం డెస్మండ్ వచ్చాడు. బంగాళదుంపలు. గుమ్మంలో ఆగకుండా నేరుగా లోపలికి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నా మొహంలోకి చూస్తూ మాట్లాడాడు. అందుకే ప్రతి మాటా తెలిసింది.

"టీచర్‌గారూ, మిసెస్ హెబ్డెన్ చాలా బాగా వాయిస్తుందండి. ఒక్క తప్పు పోదు."

"సంతోషం."

"కాని మాకు ఎప్పుడు పాడాలో తెలియడం లేదండి. ఆవిడ ఒక్కసారే వాయిస్తుంది. మేం రెండోసారి కోసం చూస్తూ నిలబడిపోతున్నాం. నిన్న కీర్తన మొత్తం అయిపోయింది, మేం నోరు తెరవనే లేదు."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

"డెస్మండ్, నాకు చెవులు వినపడవు."

"తెలుసండి."

"మీ నాన్న కోసం నువ్వు మౌనంగా నిలబడితే దాని మీద నేను..."

"మా నాన్నకి సంగీతం ఇష్టమండి," అన్నాడు. "ఇరవై రెండో తారీకు క్రిస్మస్ పాటల ఆరాధన. మీరు వచ్చి మీకు వచ్చినట్టు వాయించండి. వినపడినా, వినపడకపోయినా. మేం చూసుకుంటాం."

దుంపల బుట్ట అక్కడే పెట్టి, టోపీ తలకి పెట్టుకుని వెళ్ళాడు. నా ఇంట్లో ఉండగా అతను టోపీ తలకి పెట్టుకోవడం ఇదే మొదటిసారి.

డిసెంబర్ 3, మంగళవారం

పట్నం ఆసుపత్రికి ఫోన్ చేశాను. మోరీన్ చేసింది, నేను పక్కన నిలబడ్డాను.

డిసెంబర్ 13, శుక్రవారం

వచ్చాయి. గింజంత యంత్రాలు, చెవుల వెనక పెట్టుకోవాలి. గవర్నమెంటు ఊరికే ఇస్తుంది. రెండేళ్ళు నేను తప్పించుకు తిరిగింది డబ్బుల కోసం కాదని రుజువైపోయింది. ఎవరికీ కనపడకుండా జుట్టు కిందకి దువ్వుకుని బస్సు దిగాను. బస్సు స్టాపులో ఎదురైన వాళ్ళందరూ నా బూట్ల వైపు చూస్తూ పలకరించారు. అంటే ఊరంతటికీ తెలుసు.

ఇంట్లోకి వచ్చి కెటిల్ పెట్టాను. ఈల వేసింది. నేను కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. ఎంత మొరటు చప్పుడది! నా చెప్పుల చప్పుడు, పేజీ తిప్పిన చప్పుడు, గోడ గడియారం. ఈ ఇల్లు ఇంత వాగుడుకాయని నాకు తెలియదు. బయట కంచె మీద ఎర్ర రొమ్ము రాబిన్ పిట్ట ఒకటి గొంతు చించుకుంటోంది. డెస్మండ్ మందులని తిట్టుకున్నందుకు దాని ముందు సిగ్గుపడ్డాను.

తర్వాత ఎదురు కుర్చీలోంచి ఏదో సన్నగా తిరగలి తిప్పుతున్నట్టు వినిపించింది. బిషప్. వాడు అలగలేదు. ఇన్నాళ్ళూ గురగురలాడుతూనే ఉన్నాడు.

దగ్గరికి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను.

డిసెంబర్ 16, సోమవారం

ఎవరూ లేనప్పుడు చర్చికి వెళ్ళి, ఎప్పటిలాగే అన్ని పిడులూ లాగి ఒక్క స్వరం నొక్కాను. ఒక్కటే. తర్వాత పాస్క్‌కి, డేలియా పూలకి, హోల్డర్‌బీ జనానికి మనసులో క్షమాపణ చెప్పుకుని, దాదాపు అన్ని పిడులూ మూసేశాను.

'హోల్డర్‌బీ కబుర్లు' వచ్చింది. రెండో పేజీలో ఉంది: "మన ఆర్గాన్ సమస్య తీరిపోయిందని తెలపడానికి సంతోషిస్తున్నాం. కారణం తేమ. ఆ నిధితో చర్చికి కొత్త హీటరు పెట్టించాలని మిస్ ఆస్పిన్ సూచించారు. తాబేలు దొరికింది."

డిసెంబర్ 22, ఆదివారం

చర్చి కిటకిటలాడింది. సాయంత్రం నాలుగింటికే చీకటి, కొవ్వొత్తులు వెలిగించారు. అద్దం నా ఎత్తుకి దించుకున్నాను. డెస్మండ్ నడినెత్తి దాని చోట అది ఉంది.

ముందే ఒట్టు పెట్టుకున్నాను: ఒక్కసారే వాయిస్తాను, వాళ్ళు మొదటిసారే అందుకుని పాడతారు, నేను వింటాను. మెత్తటి పిడులు రెండే లాగి మొదటి పాట ఎత్తుకున్నాను.

ఎవరూ పాడలేదు.

ఇప్పుడు నాకు అన్నీ వినిపిస్తున్నాయి. కొవ్వొత్తులు చిటపటలాడడం, ఎవరిదో దగ్గు, పుస్తకాల కాగితాలు, ఎక్కడో ఒక పాప, "అమ్మా, ఇప్పుడా?" అంటే వాళ్ళమ్మ, "ఇంకా లేదమ్మా, టీచర్‌గారు మళ్ళీ మొదలుపెడతారు" అనడం. రెండేళ్ళు హోల్డర్‌బీలో ఎవరూ పాడడం లేదని ఏడ్చాను. వినపడే రోజు వచ్చేసరికి నిజంగానే ఒక్కరూ పాడడం లేదు. నా కోసం ఆగారు. ఎంత ఓపికగా ఆగారో, ఆ నిశ్శబ్దం మొత్తం నాకు వినిపించింది.

చరణం సగంలో చేతులు తీసేశాను. నలభై ఏళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని, బల్ల దిగి స్తంభం పక్కకి వచ్చి నిలబడ్డాను. అందరూ ఎప్పటిలాగే నా బూట్ల వైపు చూడడం మొదలుపెట్టారు. నేను జుట్టు వెనక్కి తోసుకుని రెండు చెవులూ చూపించాను.

"నాకు చెవుడు వచ్చింది," అన్నాను. "వచ్చి రెండేళ్ళయింది. మీకందరికీ తెలుసు. ఇప్పుడు ఇవి పెట్టుకున్నాను. ఇక మీరు ఆగక్కర్లేదు. మొదటిసారే పాడండి. నేను వింటాను."

ఇంత నేరుగా మాట్లాడితే ఏం చెయ్యాలో హోల్డర్‌బీలో ఎవరికీ నేర్పలేదు. అప్పుడు ముందు బెంచీలోంచి డెస్మండ్ లేచి, తల ఎత్తి నన్నే చూస్తూ, "అలాగే టీచర్‌గారూ" అన్నాడు. బడిలో అన్నట్టే అన్నాడు.

వెళ్ళి కూర్చుని మొదలుపెట్టాను. మొదటి మాటకే అందుకున్నారు.

ఏం పాడారు, భగవంతుడా! ఆల్ఫీ క్రాష్ అందరికంటే ఒక మాట వెనక. మోరీన్ పై స్వరానికి ఎగిరి ప్రతిసారీ అందుకోలేక కింద పడింది. పాలబ్బాయికి తెలిసింది ఒకటే స్వరం, దానికే పాట మొత్తం అంకితం చేశాడు. అందరి మీదుగా డెస్మండ్, గేటు దగ్గర ఇరుక్కున్న దున్నలా, శృతికి ఆమడ దూరంలో, ప్రాణం పెట్టి పాడుతున్నాడు. వీళ్ళకి పాట నేర్పింది నేనే. నాకు కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే స్వరాలు మసకబారాయి, రెండు మూడు తప్పులు కూడా పోయాయి, అవి నాకు శుభ్రంగా వినిపించాయి.

మూడో చరణానికి వచ్చేసరికి ఆ యంత్రాలు తీసి జేబులో వేసుకుందామా అనిపించింది. వేసుకోలేదు.